ఫియోర్డ్ అనే మాటలో మంచు లేదు

అడిగినవారు:
పెద్దలకు నమస్కారం. నార్వే పడమటి తీరం మీద ఒక యాత్రా వ్యాసం తెలుగు చేస్తున్నాను. రెండో పేరాలోనే బండి ఆగిపోయింది. కొండల మధ్యకి ఇరుగ్గా, పొడుగ్గా చొచ్చుకొచ్చిన సముద్రపు పాయని అక్కడ ఫియోర్డ్ అంటారు. "ఫియోర్డ్"ని తెలుగులో ఏమనాలి? చిన్నప్పుడు జాగ్రఫీ పాఠంలో "ఫియార్డు తీరం" అని ఒక ముక్క చదివిన గుర్తు, అంతే. తెలిసినవాళ్లని అడిగితే ఒకరు అఖాతం అన్నారు, ఒకరు సముద్రశాఖ అన్నారు, మా మామయ్యగారు ఉప్పుటేరు అనెయ్యమన్నారు. ఏదీ నోటికి పట్టడం లేదు. అసలు మూలంలో ఈ మాటకి అర్థమేమిటో తెలిస్తే దాన్నిబట్టి తెలుగు మాట కట్టుకోవచ్చని ఆశ. "మంచు కోసిన లోయ" లాంటిదేదో ఉంటుందనుకుంటున్నాను. తెలిసినవారు చెప్పగలరు.

మాస్టారు:
అమ్మా, ఆశ మంచిదే గానీ మూలంలో మంచు దొరకదు, లోయా దొరకదు. తవ్వుకుంటూ పోతే అడుగున తగిలేది "దాటడం".

వరసగా చెప్తాను. వైకింగుల (వెయ్యేళ్ల కిందటి స్కాండినేవియా ఓడవాళ్లు) నాటి పాత నార్స్ భాషలో ఈ మాట "ఫ్యోర్ద్ర్". ఐస్‌లాండ్ వాళ్లు ఇప్పటికీ దానికి దగ్గరగా "ఫ్యోర్దుర్" అంటారు. వాళ్ల రాజధాని పక్కనే ఉన్న ఊరి పేరు హాఫ్నార్‌ఫ్యోర్దుర్, అంటే రేవు ఉన్న ఫియోర్డ్. ఇంకా వెనక్కి వెళ్తే జర్మానిక్ భాషలన్నిటికీ తల్లి అనదగ్గ భాషలో "ఫెర్థుజ్", దానికీ వెనక ఇండో-యూరోపియన్ మూలంలో "పెర్తుస్". ఈ చివరి రెండూ ఏ రాతి మీదా దొరికినవి కావు, అక్కచెల్లెళ్ల లాంటి భాషల్ని పక్కపక్కన కూర్చోబెట్టి పండితులు కట్టుకున్న రూపాలు. "పెర్" అనేది ధాతువు: దాటు, అవతలికి చేరు. "తు" ప్రత్యయం.

మొదట "ప" ఉంటే "ఫ" ఎలా అయిందని అడుగుతారు. దానికి ఒక నియమం ఉంది, 1822లో యాకోబ్ గ్రిమ్ సూత్రీకరించాడు (అవును, జానపద కథలు పోగుచేసిన అన్నదమ్ముల్లో పెద్దాయనే). సంస్కృతంలో ప ఉన్నచోట జర్మానిక్ భాషల్లో ఫ వస్తుంది. పితృ – ఫాదర్, పాదం – ఫుట్, పంచ – ఫైవ్, పూర్ణం – ఫుల్. ఈ వరసలోనే పెర్తుస్ – ఫియోర్డ్.

మరి "పెర్" ధాతువు సంస్కృతంలో ఏమైంది? మనం రోజూ వాడుతూనే ఉన్నాం. పారం అంటే అవతలి గట్టు. గట్టు కనపడకపోతే అపారం. అవతలి గట్టు చేరినవాడు పారంగతుడు. పారమూ అవారమూ, అంటే ఆ గట్టూ ఈ గట్టూ కలిపి, పారావారం అని సముద్రానికి పేరు పెట్టారు. ప్రబంధాలు చదివినవాళ్లకి ఈ మాట కొత్త కాదు. "మీ దయ అపారం" అన్నప్పుడల్లా మనం ఫియోర్డ్‌కి దూరపు చుట్టాన్ని తలుచుకుంటున్నామన్నమాట.

ఇంగ్లీషులో ఫోర్డ్ అంటే ఏటిలో కాళ్లతో నడిచి దాటగలిగే చోటు. అది ఫియోర్డ్‌కి తోడబుట్టిందే. అచ్చులోనూ, అప్పట్లో ఉచ్చారణలో ఊనిక పడిన చోటులోనూ తేడా వల్ల రెండు రూపాలయ్యాయి. జర్మన్‌లో ఫుర్ట్, ఫ్రాంక్‌ఫుర్ట్ ఊరి పేరులో ఉన్నది అదే. పడవ దాటించే ఫెర్రీ, బస్సులో ఇచ్చే ఫేర్, వీడుకోలు చెప్పే ఫేర్‌వెల్, అన్నీ ఈ ధాతువు పిల్లలే. లాటిన్ వైపు ప అలాగే నిలిచింది: పోర్తుస్ అంటే రేవు, పోర్తా అంటే ద్వారం. విశాఖపట్నం పోర్టులో పోర్టు, పాస్‌పోర్టులో పోర్టు, రెండూ అక్కడివే.

ఇక అసలు సంగతి. ఈ పేరు పెట్టినవాళ్లు పడవల్లో తిరిగినవాళ్లు. నార్వే పడమటి తీరంలో కొండలు నీళ్లలోంచి నిలువునా లేస్తాయి, బండి పోయే దారి ఉండదు. నీళ్లే దారి. ఆ దేశం పేరుకే "ఉత్తరపు దారి" అని అర్థం. అలాంటి చోట ఇరుకైన పొడుగాటి నీటిపాయని చూసినవాడికి "ఇందులోంచి పోవచ్చు, అవతలికి చేరవచ్చు" అనిపించింది, ఆ మాటే పేరైంది. ఆ లోయని మంచు తొలిచిందన్న సంగతి శాస్త్రజ్ఞులకి తెలిసింది మొన్నమొన్న, 19వ శతాబ్దంలో. మాట వయసు వేల ఏళ్లు. అందుకని మీరు "హిమ" అనో "మంచు" అనో మొదట పెట్టి తెలుగు మాట కడితే అది నిర్వచనానికి అనువాదం అవుతుంది గానీ మాటకి కాదు.

హైదరాబాద్ నుంచి ఒకరు:
సార్, లాటిన్, జర్మన్ అన్నీ చెప్పిన్రు గని పారసీ సంగతి ఇడిసిపెట్టిన్రు. పారసీల పాత మతగ్రంథం అవెస్తాల "పెరెతు" అంటే వంతెన. సచ్చిపోయినోళ్ల ఆత్మలు దాటాల్సిన వంతెనకు పారసీల మతంల చిన్వత్ పెరెతు అనే పేరు. అదే అరిగి అరిగి నడిమి పారసీకంల "పుహ్ల్" అయింది, ఇప్పటి పారసీల "పుల్" అయింది. ఆడికెల్లి ఉర్దూలకు, హిందీలకు వచ్చింది. మా ఇల్లు పురానాపూల్ కాడనే. 1578ల ఇబ్రహీం కులీ కుతుబ్ షా కట్టించిండు, అప్పటికి హైదరాబాద్ ఊరే ఇంక పుట్టలే. గంటే నేను పొద్దుగాల పాల పాకెట్‌కు పోతే దాటేది ఫియోర్డ్ చెల్లెనే కదా?

మాస్టారు:
దండం అన్నా! మరిచిపోయాను. మీరన్నది అక్షరాలా నిజం. "పెర్తుస్"కి ఇరానీ రూపమే మీ పూల్. ఇంకా చెప్పాలంటే మన పారం కన్నా మీ పూల్ దగ్గరి చుట్టం, ఎందుకంటే పారంలో ధాతువు ఒక్కటే కలుస్తుంది, పూల్‌లో ధాతువూ ప్రత్యయమూ రెండూ కలుస్తాయి. లోపల ఉన్న "ర్తు" నలిగి "హ్ల్" అయి, చివరికి "ల్" మిగిలింది.

నా సంగతి చెప్తే నవ్వుతారు. కోస్తా నుంచి చదువుకోవడానికి హైదరాబాద్ వచ్చిన కొత్తలో సిటీ బస్సు మీద "నయాపూల్" అని చూసి అక్కడ పూల మార్కెట్టు ఉంటుందనుకున్నాను. ఒకరోజు దండ కొందామని దిగాను కూడా. మూసీ కంపు తప్ప ఏమీ దొరకలేదు.

అనువాదం చేసే మరొకరు:
పారం, పారావారం బాగున్నాయి. మరి తెలుగులో "పారు", "పారుదల", "సెలపారు" ఉన్నాయి కదా, నీళ్లకి సంబంధించినవే. అవీ ఈ "పెర్" నుంచే వచ్చాయనుకోవచ్చా? అప్పుడు ఫియోర్డ్‌కి "పారు" అనో "పారుపాయ" అనో పెట్టుకుంటే మూలమూ కలుస్తుంది, తెలుగూ అవుతుంది.

మాస్టారు:
అనుకోకూడదమ్మా. ఇక్కడే కాలు జారేది. ఈ పారు మన ద్రావిడ మాట. పాత పుస్తకాల్లో దీన్ని బండి ఱతో "పాఱు" అని రాసేవారు, పరుగెత్తు అనే అర్థంలోనూ వాడేవారు. కన్నడంలో దీని తోబుట్టువు "హారు", దూకడం, ఎగరడం. "పారం"లో ఉన్నది మామూలు ర, అది సంస్కృతం. వినడానికి ఒకటే, పుట్టిల్లు వేరు. రెండు మాటలు ఒకేలా వినపడినంత మాత్రాన చుట్టరికం కలపకూడదు. పితృ – ఫాదర్ లాగా వరసగా పది జతలు నిలబడితేనే చుట్టరికం.

అయితే అర్థం పోలిక వేరే సంగతి. అది చూస్తే నాకు భలే ముచ్చటేస్తుంది. "తీర్థం" తీసుకోండి. తృ ధాతువు, దాటడమనే అర్థం. తీర్థమంటే మొదట ఏరు దాటే రేవు. తర్వాత ఆ రేవులో స్నానం, ఆ స్నానానికి పుణ్యం, ఆపైన గుళ్లో చేతిలో పోసే నీళ్లు. జైనుల తీర్థంకరుడు రేవు వేసేవాడు, సంసారాన్ని దాటించేవాడు. తీరం, తరణం, అవతారం, అన్నీ ఆ ధాతువే. "పెర్"తో రక్తసంబంధం లేదు, ఆలోచన మాత్రం ఒకటే: నీళ్లని చూసిన మనిషికి ముందు తోచేది దాటడం. మన "రేవు" కూడా చూడండి. చాకిరేవూ రేవే, ఏరు దాటే చోటూ రేవే, ఓడలు ఆగేదీ రేవే. లాటిన్ వాళ్ల పోర్తుస్, ఇంగ్లీషు వాళ్ల ఫోర్డ్ చేసే పనులన్నీ ఈ ఒక్క మాట చేస్తోంది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్న సామెత మనకి ఊరికే పుట్టలేదు.

ఓస్లో నుంచి ఒకరు:
ఇక్కడ ఎనిమిదేళ్లుగా ఉంటున్నాను కాబట్టి రెండు ముక్కలు. ఒకటి, పలకడం గురించి. దయచేసి ఎవరూ "ఫ్జోర్డ్" అని రాయకండి. ఇక్కడ "జ" అక్షరానికి "య" పలుకు. ఇక్కడివాళ్ల నోట ఓకారం ఊకారం వైపు వాలుతుంది, చివరి "డ" వినపడదు, మొత్తం "ఫ్యూర్" అన్నట్టు ఉంటుంది. నేను వచ్చిన కొత్తలో "ఫియోర్డ్ చూడ్డానికి ఏ ట్రామ్ ఎక్కాలి" అని "డ" గట్టిగా నొక్కి అడిగితే, ఒక పెద్దావిడ కాసేపు ఆలోచించి నన్ను ఫోర్డ్ కార్ల షోరూమ్ వైపు చూపించింది.

రెండోది, ఇక్కడ ఫియోర్డ్ అంటే మీ జాగ్రఫీ పుస్తకం ఒప్పుకునేవి మాత్రమే కావు. తీరిఫియోర్డెన్ అని ఓస్లోకి పడమటగా ఉంది, అది మంచినీళ్ల చెరువు, సముద్రంతో పనే లేదు. రాన్స్‌ఫియోర్డెన్ కూడా అంతే. మా ఓస్లోఫియోర్డ్‌నే తీసుకోండి, అది ప్రధానంగా భూమి పగిలి కుంగిన చోటు. డెన్మార్క్‌లో అయితే కొండే ఉండదు, చదునైన పొలాల మధ్య లోతులేని నీళ్లని కూడా ఫియోర్డ్ అంటారు. వాళ్ల లిమ్‌ఫియోర్డ్ 1825 తుఫానులో పడమటి ఇసుకకట్ట తెగి రెండు చివరలా సముద్రంలోకి తెరుచుకుంది, ఇప్పుడది పాయ కాదు, కాలువ. పేరు మాత్రం ఫియోర్డే.

ఇంకో చిన్నమాట, అనువాదం చేస్తున్నారు కాబట్టి. చివర "ఎన్" అంటే ఇంగ్లీషు "ద" లాంటిది. సోగ్నెఫియోర్డెన్ అంటేనే "ఆ సోగ్నె ఫియోర్డ్" అని. "సోగ్నెఫియోర్డెన్ ఫియోర్డ్" అని రాస్తే గోదావరినది నది అన్నట్టుంటుంది.

మాస్టారు:
చూశారా, అసలు ఇంటివాళ్లే మంచుతో నిమిత్తం లేకుండా వాడుతున్నారు. మంచు తొలిచిన లోయలోకి సముద్రం వస్తేనే ఫియోర్డ్ అన్నది ఇంగ్లీషులోకి పోయాక భూగోళశాస్త్రం బిగించిన అర్థం.

ఈ మాట వేషాలు మార్చుకుని తిరిగిన కథ ఇంకోటుంది. ఐర్లండ్‌లో వాటర్‌ఫోర్డ్, వెక్స్‌ఫోర్డ్ అని రెండు ఊళ్లు. చూడగానే ఆక్స్‌ఫోర్డ్ లాగా ఏటి రేవు అనుకుంటాం. కావు. వైకింగులు పెట్టిన పేర్లవి. వాటర్‌ఫోర్డ్ మొదట "వేద్రఫ్యోర్ద్ర్", అందులో వాటరూ లేదు, ఫోర్డూ లేదు, ఉన్నది ఫియోర్డ్. ఇంగ్లీషు చెవి తనకి తెలిసిన మాటలోకి దాన్ని దింపుకుంది. ఆక్స్‌ఫోర్డ్‌లో మాత్రం నిజంగానే ఎద్దులు దాటే రేవు ఉంది. స్కాట్‌లాండ్‌లో ఫర్త్ అంటారు, ఫర్త్ ఆఫ్ ఫోర్త్ అని, అదీ నార్స్ నుంచి దిగిందే.

అన్నిటికన్నా నాకు నచ్చినది మిల్‌ఫర్డ్. వేల్స్ తీరంలో మిల్‌ఫర్డ్ హేవెన్ అని రేవు ఉంది. ఆ పేరు నార్స్‌లో "మెల్ర్" అంటే ఇసుక దిబ్బ, దానికి ఫియోర్డ్ కలిసి వచ్చింది. అది మంచు చేసిన లోయ కాదు, ఏటి లోయ సముద్రంలో మునిగినది. ఆ పేరునే తీసుకెళ్లి న్యూజీలాండ్ దక్షిణాన ఒక పాయకి మిల్‌ఫర్డ్ సౌండ్ అని పెట్టారు. సౌండ్ (ఏటి లోయ మునిగి ఏర్పడిన పాయ) అన్నది అక్కడ తప్పు పేరు, ఎందుకంటే అది శాస్త్రం ఒప్పుకునే అసలైన ఫియోర్డ్. అంటే ఫియోర్డ్ కానిదాని పేరులో ఫియోర్డ్ ఉంది. ఆ పేరు పెట్టుకున్న నిజం ఫియోర్డ్‌ని మాత్రం సౌండ్ అన్నారు, దాని మొదటి సగంలో ఫియోర్డ్ దాక్కుని ఉందని తెలియకుండానే. మావోరీలకి ఈ గొడవ లేదు, వాళ్లది పియోపియోతాహి, ఒక పిట్ట పేరు మీద.

కడప నుంచి ఒకరు:
మాస్టారూ, ఇంత చెప్పినారు, దాని ఆకారం గురించి ఒక్క ముక్క కూడా చెప్పలా. సముద్రం లోపలికి వచ్చే చోటు లోతు, లోపలికి పోయేకొద్దీ తక్కువ ఉంటాది కదా మామూలుగా. ఫియోర్డ్‌లో తిరగబడి ఉంటాదని ఎక్కడో చదివినా, నిజమేనా?

మాస్టారు:
నిజమే. సోగ్నెఫియోర్డ్ పొడవు 205 కిలోమీటర్లు. లోపల బాగా లోతైన చోట 1,300 మీటర్ల పైచిలుకు, చార్మినార్లు ఇరవైమూడు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా నీళ్లలో మునిగిపోతాయి. సముద్రంలో కలిసే మూతి దగ్గరికి వచ్చేసరికి అడుగు అమాంతం పైకి లేచి లోతు 200 మీటర్ల లోపుకి పడిపోతుంది.

కారణం మంచే. కొండల్లో మంచు దట్టంగా పేరుకుని, ఆ బరువుతో లోయ అడుగుని సముద్రమట్టం కన్నా కిందికి గీరేసింది. ఏరు ఆ పని చెయ్యలేదు, సముద్రమట్టానికి వచ్చాక దాని కోత ఆగిపోతుంది. మంచు మాత్రం మూతి దగ్గరికి చేరాక పలచబడి, అటూ ఇటూ పరుచుకుని, తేలడం మొదలుపెట్టి పట్టు వదిలేసింది. మోసుకొచ్చిన రాళ్లూ రప్పలూ కొన్నిచోట్ల అక్కడే దించేసింది కూడా. మంచు కరిగి సముద్రం లోపలికి వచ్చినప్పుడు ఆ గట్టు నీళ్ల కింద మిగిలిపోయింది. లోపలి అడుగునీళ్లు బయటి సముద్రంతో తేలిగ్గా కలవకుండా అడ్డం పడేది అదే.

ఇక మీకు నచ్చే మాట. ఆ గట్టుని నార్వే వాళ్లు "తెర్స్కెల్" అంటారు. అర్థం ఏమిటో తెలుసా? గడప!

కడప నుంచి ఒకరు:
అబ్బ! మా ఊరే కదా సామీ! తిరుమల కొండకి గడప కాబట్టి దేవుని గడప అంటాం, ఊరు కడప అయింది.

మాస్టారు:
అదే చెప్పబోతున్నా. గడప అన్న మాట చూడండి. రోజులు గడిచాయి, గండం గడిచింది, పొద్దు గడిపాం. గడచు, కడచు అంటే దాటడమే. తమిళంలో కడ అంటే దాటు, మలయాళంలో కడవు అంటే ఏటి రేవు. గడిచేది గడప అంటే ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం ఏమీ కనపడదు. అంటే ఫియోర్డ్ పుట్టిన ఆలోచన మన భాషలో సిద్ధంగా ఉంది, అదీ అచ్చంగా ఫియోర్డ్ వాకిట్లోనే.

అందుకని అమ్మా, నా సలహా. మాట అలాగే ఉంచండి, ఫియోర్డ్ అనే. రైలు, బస్సు, సునామీ తీసుకున్న భాషకి ఇదొక బరువు కాదు. అఖాతం వద్దు, బంగాళాఖాతం అన్నాక దాని వెడల్పు మనసులో పడిపోయింది. ఉప్పుటేరు అస్సలు వద్దు, కొల్లేటి నీళ్లని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు చూసినవాడికి బురద, మడచెట్లు, రొయ్యల చెరువులు కనపడతాయి, కొండ కనపడదు. సముద్రశాఖ అంటే పరీక్ష పేపరు వాసన. మొదటిసారి వచ్చినప్పుడు ఒక వాక్యంలో రూపం చెప్పెయ్యండి, చాలు. మూతి దగ్గరి గట్టుకి మాత్రం గడప అనే వాడండి, దానికి ఇంగ్లీషు మాట తెచ్చుకోవలసిన పనే లేదు.

హైదరాబాద్ నుంచి ఒకరు:
ఇంకో ముచ్చట. ఉత్తర ధ్రువం దిక్కు స్వాల్‌బార్డ్‌ల మనోళ్ల హిమాద్రి పరిశోధన కేంద్రం ఉన్నది, 2008ల తెరిచిన్రు. అది ఉన్నది కొంగ్స్‌ఫియోర్డెన్ ఒడ్డున, అంటే రాజుగారి ఫియోర్డ్. 2014ల ఆ నీళ్ల లోపట ఇండార్క్ అనే పరికరాల వరుసను దించిన్రు, నీళ్లు ఎంత వెచ్చగున్నయి, ఎంత ఉప్పగున్నయి అని ఏడాది పొడుగూ లెక్కగట్టేతందుకు. చెన్నై, గోవా సంస్థలతోని కలిసి మా హైదరాబాద్ ఇన్‌కాయిస్‌ (సముద్ర సమాచార కేంద్రం) గూడ అండ్ల ఉన్నది. పురానాపూల్ చుట్టరికం ఉత్తగ పోలేదు సార్.

అడిగినవారు:
అందరికీ ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. ఒక్క మాట అడిగితే ఇంత దూరం వచ్చింది. ఇప్పుడే ఇలా రాశాను, చూసి చెప్పండి:

"కొండలు రెండు పక్కలా నిలువుగా లేచాయి. వాటి మధ్య సముద్రం వీధిలా లోపలికి వచ్చేసింది. దీన్ని ఇక్కడ ఫియోర్డ్ అంటారు. ఒకప్పుడు మంచు తొలిచిపోయిన లోయ ఇది. మా ఓడ, గడప, దాటి లోపలికి వచ్చాక అడుగు ఎక్కడో ఎవరూ చెప్పలేదు."

మాస్టారు:
బాగుంది తల్లీ. గడపకి అటూ ఇటూ ఉన్న కామాలు తీసెయ్యండి.